ఆరో అధ్యాయం: ఆకు, కాయ, దుంప, గింజ

సాయంత్రం ఆరున్నర. బడి నుంచి వచ్చి, చేతిసంచి కుర్చీలో పడేసి, నేరుగా వెళ్ళి ఫ్రిజ్ తలుపు తీసేదాన్ని. అడుగు అరలో వాడిపోయిన పాలకూర కట్ట, రెండు వంకాయలు, సగం కోసిన సొరకాయ. తలుపు పట్టుకుని అలాగే నిలబడేదాన్ని. రెండు వంకాయలు నలుగురికి చాలవు. సొరకాయంటే పిల్లలు మొహం తిప్పుకుంటారు. పాలకూర బాగుచేస్తే సగం చెత్తబుట్టలోకే పోతుంది. ఈలోగా వెనక నుంచి అబ్బాయి అడిగేవాడు: "అమ్మా, ఈ పూట ఏంటి?" ఆ చిన్న ప్రశ్నకు జవాబు దొరక్క కళ్ళలో నీళ్ళు తిరిగిన రోజులున్నాయి.

వంట నాకు ఎప్పుడూ బరువనిపించలేదు. పోపు వాసన వస్తే రోజంతా పడ్డ అలసట సగం తగ్గుతుంది. బరువంతా ఏం వండాలో తేల్చుకోవడంలో ఉండేది. ఇంట్లో ఏముంది, ఏది పాడైపోతుంది, నిన్న ఏం తిన్నాం, ఎవరు ఏది తినరు, రేపు క్యారేజీకి ఏది మిగలాలి? ఇన్నీ ఒక్క బుర్రలో తిరుగుతుండేవి. రోజంతా పిల్లలకు పాఠాలు చెప్పి వచ్చిన ఆ బుర్రకు అప్పటికి ఓపిక ఎక్కడుంటుంది?

ఒకసారి నాకు నాలుగు రోజులు జ్వరం వచ్చింది. మావారు వంట చేస్తానని వంటింట్లోకి వెళ్ళారు. పది నిమిషాల్లో ఆరుసార్లు మంచం దగ్గరికి వచ్చారు. కందిపప్పు ఏ డబ్బాలో ఉంది? చింతపండు ఎంత వేస్తావు? బెండకాయలు ముందు వండాలా, తోటకూర ముందు వండాలా? పాపం, ఆయనకు చెయ్యాలనే ఉంది. చెయ్యడానికి కావలసిన సమాచారమంతా నా తలలో ఉండిపోయింది. మా వంటిల్లు నలుగురిదీ అనుకుంటూ వచ్చాను. దాన్ని నడిపే లెక్కను మాత్రం ఎవరికీ కనిపించకుండా నాలోనే దాచుకున్నానని ఆ జ్వరంలో తెలిసింది.

ఈ అధ్యాయం చెప్పేది అదే. ఆ లెక్కను తలలోంచి కాగితం మీదికి దించాలి. వారానికి ఒక్కసారి దించితే చాలు. ఆరు సాయంత్రాలు తేలికపడతాయి, పని ఒక్కరి మీద నుంచి ఇంటి మీదికి మారుతుంది.

సంత నేర్పిన వరుస

మా అమ్మమ్మది కృష్ణా జిల్లాలో చిన్న పల్లె. పక్క ఊళ్ళో మంగళవారం సంత. తాతయ్య సంచీ భుజాన వేసుకుని వెళ్ళి, వారానికి సరిపడా కూరలు తెచ్చేవాడు. మళ్ళీ మంగళవారం దాకా ఊళ్ళో కూరగాయలు కొనే చోటు లేదు, ఇంట్లో ఫ్రిజ్ లేదు. అయినా అమ్మమ్మ ఏ రోజూ తడుముకోలేదు.

సంత నుంచి సంచీ రాగానే అన్నీ చాప మీద గుమ్మరించి నాలుగు కుప్పలు పోసేది. మొదటి రోజు ఆకుకూర, ఎందుకంటే అది రేపటికి వాడుతుంది. తర్వాత రెండు రోజులు బెండ, బీర, దొండ లాంటి కాయలు. ఆ తర్వాత కంద, చేమ, గుమ్మడి. వారం చివరికి కూరల బుట్ట అడుగు కనపడేసరికి పప్పులు, పెసలు, వడియాలు, జాడీలోని పచ్చడి బయటికి వచ్చేవి. ఏది ముందు వాడిపోతుందో అది ముందు వండటం, ఏది ఆగుతుందో దాన్ని ఆగనివ్వడం. ఆకు, కాయ, దుంప, గింజ. వారం మొత్తం ఈ నాలుగు మాటల్లో ఇమిడిపోయేది.

మనకు ఇప్పుడు వీధి చివర కూరల బండి ఉంది, ఫోన్లో నొక్కితే ఇంటికి వచ్చే సరుకు ఉంది. ఎప్పుడైనా కొనుక్కోవచ్చన్న ధీమాతో ముందుగా ఆలోచించడం మానేశాం. అందుకే పప్పు ఉన్న ఇంటికి మళ్ళీ పప్పు వస్తుంది, కరివేపాకు ఉండాల్సిన రోజున ఉండదు. అమ్మమ్మకు సంత విధించిన క్రమశిక్షణను ఇవాళ మనంతట మనమే పెట్టుకోవాలి. వారానికి ఒక కొనుగోలు రోజు పెట్టుకోండి. మాకు అది ఆదివారం ఉదయం, కూకట్‌పల్లి రైతు బజారు. రైతు దళారీ లేకుండా తన పంటను తానే అమ్ముకోవాలని 1999 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలుపెట్టిన బజార్లివి. లోపలికి వెళ్ళగానే ఆ రోజు ధరలు రాసిన బోర్డు కనిపిస్తుంది. ఆ బోర్డు మన వారపు సరుకుల చీటీకి ఎలా పనికొస్తుందో కాసేపట్లో చెబుతాను.

రోజుకు వంటకం పేరు వద్దు, జాతి పేరు పెట్టండి

మొదట్లో నేను నెల మొత్తానికి ముప్పై వంటకాలు రాసి గోడకు అంటించాను. నాలుగో రోజుకే ఆ కాగితం పనికిరాలేదు. గోరుచిక్కుడు అని రాసిన రోజున బజారులో గోరుచిక్కుడు లేదు, ఉన్నది ముదిరిపోయింది. వంటకానికి కట్టుబడితే పథకం విరిగిపోతుంది. జాతికి కట్టుబడితే సాగుతుంది. అందుకని రోజులకు ఇలా పేర్లు పెట్టుకున్నాం:

ఆదివారం: మధ్యాహ్నపు కూర రోజు. మధ్యాహ్నం చేసిన కూరే రాత్రికి, చపాతీలతో.

సోమవారం: ఆకు రోజు. తోటకూర పప్పు, అన్నం, పెరుగు.

మంగళవారం: కాయ రోజు. బెండకాయ వేపుడు, టమాటా చారు, అన్నం.

బుధవారం: పులుసు రోజు. కోడిగుడ్డు పులుసు, అన్నం, కీరా ముక్కలు. గుడ్డు తినని ఇంట్లో సొరకాయ పులుసు.

గురువారం: దుంప రోజు. బంగాళాదుంప టమాటా కూర, చపాతీలు, కీరా ముక్కలు.

శుక్రవారం: కుక్కర్ రోజు. మిగిలిన కూరగాయలన్నీ వేసి పెసరపప్పు కిచిడీ, పెరుగు పచ్చడి, అప్పడం.

శనివారం: గింజ రోజు. పెసరట్లు, అల్లం పచ్చడి.

ఈ వరుసలో అమ్మమ్మ సంత మీకు కనిపిస్తూనే ఉంటుంది. ఆదివారం తెచ్చిన తోటకూర సోమవారమే అయిపోతుంది. బెండకాయలు జిగురెక్కి ముదరకముందే మంగళవారం వేపుడవుతాయి. బంగాళాదుంప గురువారం దాకా నిశ్చింతగా ఆగుతుంది. ఎక్కడైనా ఒక క్యారెట్, గుప్పెడు బీన్స్ మిగిలితే శుక్రవారం కుక్కర్ వాటిని కలుపుకుంటుంది. శనివారం రాత్రికి కూరల అర ఖాళీ అవుతుంది, అరను తుడిచి పెట్టుకోవచ్చు. వెంకటేశ్వరస్వామికి శనివారం ఒక్కపొద్దు ఉండి రాత్రి టిఫిన్ తినే ఇళ్ళకూ ఈ వరుస సరిపోతుంది.

రెండో వారానికి రోజు పేరు మారదు, వంటకం మారుతుంది. ఆకు రోజున పాలకూర, గోంగూర, చుక్కకూర, బచ్చలి ఏదైనా రావచ్చు. కాయ రోజున దొండ, బీర, చిక్కుడు, కాకర. గింజ రోజున పెసలకు బదులు ఇడ్లీ, రవ్వ ఉప్మా, శనగలు. జాతికి నాలుగేసి వంటకాల చొప్పున ఒక పేజీలో రాసుకుంటే, అదే నెల రోజుల పథకం. బజారులో బోర్డు చూసి, బెండకాయ ధర మండిపోతుంటే దొండకాయ తీసుకోండి. కాయ రోజు కాయ రోజుగానే ఉంటుంది, చీటీలో ఒక్క మాట మారుతుంది.

చీటీ

మన ఇళ్ళలో నెల సరుకుల చీటీ రాయడం కొత్త కాదు. పెద్దవాళ్ళు కందిపప్పుతో మొదలుపెట్టి అగ్గిపెట్టె దాకా రాసి కొట్టుకు పంపేవారు. ఇప్పుడు రాసే వారపు చీటీకి రెండు నియమాలు చాలు.

ఒకటి, వంటకం వరుసలో రాయవద్దు. కొనే చోటు వరుసలో రాయండి. కూరల బజారుకు ఒక భాగం, కిరాణా కొట్టుకు ఒక భాగం, పాలు గుడ్లకు ఒక భాగం. అలా ఉంటే ఆ చీటీ ఎవరి చేతికిచ్చినా తిరిగి వెనక్కి నడవకుండా కొనుక్కొస్తారు.

రెండు, రాసేముందు డబ్బాలు తెరిచి చూడండి. ఉన్నదాన్ని కొట్టేసి, లేనిదాన్నే ఉంచండి. ఇది అయిదు నిమిషాల పని.

ఇద్దరు పెద్దలు, బడికి వెళ్ళే ఇద్దరు పిల్లలు ఉన్న ఇంటికి, పైన చెప్పిన రాత్రి భోజనాలకు సరిపోయే చీటీ ఇది. ఆదివారం మధ్యాహ్నపు కూరకు కోడి మాంసమో, గుత్తి వంకాయలో మీ అలవాటును బట్టి, రెండు పూటలకు వచ్చేలా విడిగా రాసుకోండి.

కూరల బజారు:
తోటకూర 3 పెద్ద కట్టలు
బెండకాయలు ముప్పావు కిలో
బంగాళాదుంపలు అర కిలో
టమాటాలు 1 కిలో
ఉల్లిపాయలు ఒకటిన్నర కిలో
క్యారెట్ పావు కిలో
బీన్స్ పావు కిలో
కీరా దోసకాయలు 4
పచ్చిమిర్చి 150 గ్రాములు
అల్లం 150 గ్రాములు
వెల్లుల్లి 100 గ్రాములు
నిమ్మకాయలు 4
కొత్తిమీర 2 కట్టలు, కరివేపాకు

కిరాణా:
బియ్యం 1.2 కిలోలు (మూడు రోజులు 300 గ్రాముల చొప్పున, కిచిడీకి 250, పెసరట్ల పిండిలోకి 50)
గోధుమ పిండి 800 గ్రాములు (రెండు రోజులు, రోజుకు 16 చపాతీలు)
కందిపప్పు 200 గ్రాములు (పప్పుకు 150, చారుకు 50)
పెసరపప్పు 125 గ్రాములు
పెసలు 400 గ్రాములు
చింతపండు 100 గ్రాములు
బెల్లం 100 గ్రాములు
నూనె 350 మిల్లీలీటర్లు
బొంబాయి రవ్వ అర కిలో (అత్యవసరానికి)
అప్పడాలు ఒక ప్యాకెట్
పోపు సామాను, ఉప్పు, కారం, పసుపు: డబ్బా పావు వంతుకు దిగితేనే

పాలు, గుడ్లు:
పెరుగుకు తోడుపెట్టడానికి రోజుకు అర లీటరు పాలు
గుడ్లు 6

ఈ కొలతలు మొదటి వారానికి మాత్రమే నావి. రెండో వారం నుంచి మీవి. ఏది మిగిలిందో, ఏది చాలలేదో శనివారం రాత్రి చీటీ మీదే పెన్సిలుతో దిద్దండి. మా ఇంట్లో టమాటాలు ఒకటింబావు కిలోకు పెరిగాయి, బీన్స్ తగ్గాయి. నాలుగు వారాలు దిద్దితే ఆ చీటీ మీ ఇంటి ఆకలికి కొలిచి కుట్టినట్టు ఉంటుంది. అప్పుడు దాన్ని మంచి అక్షరాలతో ఎత్తి రాసి, ఫొటో తీసి ఇంట్లో అందరి ఫోన్లలో పెట్టండి.

నూనెను ప్రత్యేకంగా 350 మిల్లీలీటర్లని ఎందుకు రాశానో చెప్పాలి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయుల కోసం ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకు 2000 కిలోక్యాలరీలు తినే మనిషికి అన్ని పూటలూ కలిపి నూనెలు, కొవ్వులు 27 గ్రాములు చాలని, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు ఉండాలని అందులో ఉంది. మన చీటీలోని నూనెను ఏడు రాత్రులకు, నలుగురికి పంచితే మనిషికి 11, 12 గ్రాములు వస్తుంది. మిగతా పూటలకు కావలసినంత మిగులుతుంది. వారం నూనెను వేరే సీసాలో పోసి పొయ్యి పక్కన పెట్టుకోండి. మంగళవారం వేపుడుకే సీసా సగమైతే, శనివారం పెసరట్టుకు ఏం చెయ్యాలో కళ్ళ ముందే కనబడుతుంది. చేతి కొలతకు కంటి కొలత తోడవుతుంది.

కూరగాయల లెక్కా అంతే. 400 గ్రాముల్లో సగమైనా రాత్రి పూట రావాలంటే నలుగురికి కలిపి 800 గ్రాములు కంచాల్లోకి రావాలి. పులుసు రోజున, దుంప రోజున కూరగాయ తగ్గుతుంది కాబట్టి కీరా ముక్కలు చీటీలో చేర్చాను. కంచంలో సగం కూరగాయలు, పండ్లు ఉండాలన్నది ఆ సంస్థ చెప్పే మాట. మన కంచంలో సగానికి పైగా అన్నమే ఉంటుంది. ఒక్కసారిగా మార్చలేం. వారానికి రెండు గరిటెల అన్నం తగ్గించి, రెండు గరిటెల కూర పెంచుకుంటూ పోవచ్చు.

ఆదివారం ఒక్క గంట

బజారు నుంచి వచ్చాక సంచీ అలాగే ఫ్రిజ్‌లోకి తోసేస్తే వారం మొత్తం దాని ఫలితం అనుభవిస్తాం. ఒక్క గంట కూర్చోండి. ఒంటరిగా కూర్చోవద్దు. మేం నలుగురం హాల్లో పాత వార్తాపత్రికలు పరిచి కూర్చుంటాం.

తోటకూర వేర్లు కోసి, పాడైన ఆకులు ఏరి, కడగకుండా కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. తడి ఉంటే రాత్రికే కుళ్ళు మొదలవుతుంది. కొత్తిమీర, కరివేపాకు కూడా అంతే. తడి ఆరాక డబ్బాలో, అడుగున పొడి గుడ్డ వేసి. పచ్చిమిర్చికి తొడిమలు తీస్తే ఎక్కువ రోజులు ఆగుతాయి. బెండకాయలను వండే రోజునే కడిగి, తుడిచి, పూర్తిగా ఆరాక కోయాలి. అప్పుడే వేపుడు జిగురు లేకుండా వస్తుంది. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు ఒకే బుట్టలో పెట్టకండి. పక్కపక్కన ఉంటే దుంపలకు మొలకలు త్వరగా వస్తాయి. రెండింటికీ గాలి తగిలే, వెలుతురు పడని చోటు కావాలి.

ఆ గంటలోనే మూడు సీసాలు సిద్ధం చేసుకోండి. అల్లం వెల్లుల్లి ముద్ద, కాస్త ఉప్పు, నూనె కలిపి. చింతపండు నానబెట్టి తీసిన గుజ్జు, చిక్కబడేదాకా ఉడికించి, చల్లార్చి. ఒలిచిన వెల్లుల్లి రెబ్బలు. ఇవి శుభ్రమైన గాజు సీసాల్లో, ఫ్రిజ్‌లో వారం ఉంటాయి. తడి చెంచా ముంచితే ముందే చెడిపోతాయి. బుధవారం సాయంత్రం పులుసు పెట్టేవాళ్ళకు ఆ గుజ్జు సీసా ఎంత ఊరటో చేసి చూస్తేనే తెలుస్తుంది. ఉల్లిపాయలు వేగేలోపు ఒక పక్క గుడ్లు ఉడుకుతాయి. గుజ్జు, నీళ్ళు, ఉప్పు, కారం వేసి మరిగించి, గుడ్లకు గాట్లు పెట్టి వేస్తే అరగంటలో పులుసు దించవచ్చు.

మిగతా రోజుల్లో ముందుచూపు ఒక్కో వాక్యమే. బుధవారం రాత్రి పడుకునేముందు చపాతీ పిండి కలిపి మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. శనివారం పొద్దున్నే పెసలు నానబోయాలి. పెసరట్టుకు పిండి పులవక్కర్లేదు కాబట్టి సాయంత్రం అల్లం, పచ్చిమిర్చి వేసి రుబ్బిన వెంటనే పోసుకోవచ్చు. ఈ రెండు వాక్యాలనూ చీటీ అడుగున రాసిపెట్టుకోండి.

మిగిలినదాని విషయంలో జాగ్రత్త

ఆదివారం మధ్యాహ్నపు కూరను రాత్రికి వాడుతున్నాం కాబట్టి ఇది చెప్పకుండా ముందుకు పోలేను. వండిన పదార్థాన్ని బయట రెండు గంటలకు మించి ఉంచకండి. మధ్యాహ్నం తినడానికి కూర్చునే ముందే రాత్రికి కావలసిన సగం కూరను వెడల్పాటి గిన్నెలోకి తీసి, ఆవిరి తగ్గాక మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. లోతు గిన్నెలో ఉంటే మధ్యలో వేడి చాలాసేపు నిలిచిపోతుంది. ఫ్రిజ్ లోపల 5 డిగ్రీలు, అంతకన్నా తక్కువ చల్లదనం ఉండాలి. రాత్రి ఆ కూరను గోరువెచ్చగా చేసి వదిలేయకుండా, అంతా పొగలు కక్కేలా మరిగించాలి.

అన్నం సంగతి మరీ ముఖ్యం. ఉడికినా చావని కొన్ని సూక్ష్మజీవుల బీజాలు బియ్యంలో ఉంటాయి. అన్నం గదిలో గంటల తరబడి ఉంటే అవి పెరిగి విషం తయారుచేస్తాయి, ఆ తర్వాత వేడిచేసినా ఆ విషం పోదు. అందుకే కొలిచి వండుకోవడం మేలు. మిగిలితే త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాటి ఉదయమే పోపన్నంగా తినేయాలి.

ఎవరి పని ఎవరిది

చీటీ ఫ్రిజ్ తలుపు మీద ఉండాలి. మీ డైరీలో ఉంటే అది మళ్ళీ మీ ఒక్కరి చీటీయే అవుతుంది. తలుపు మీద ఉంటే ఎవరు ముందు ఇంటికొస్తే వారు మొదలుపెట్టగలరు. సోమవారం, ఆకు రోజు అని చదివిన ఎనిమిదో తరగతి అబ్బాయి తోటకూర తరగగలడు. అయిదో తరగతి అమ్మాయి బియ్యం కడిగి, కొలిచిన నీళ్ళు పోయగలదు. పొయ్యి వెలిగించే పని మాత్రం పెద్దవాళ్ళదే.

మా ఇంట్లో ఆదివారం బజారు మావారిది, అమ్మాయిది. చపాతీలు వత్తడం నాది, కాల్చడం ఆయనది. పెసరట్లు అబ్బాయి పోస్తాడు, నేను పక్కనే ఉంటాను. మొదటి నెల పనులు వంకరటింకరగానే జరిగాయి. చపాతీలు కృష్ణా జిల్లా పటంలా వచ్చాయి, కందిపప్పు బదులు శనగపప్పు వచ్చింది. ఆ సమయంలో నోరు అదుపులో పెట్టుకోవడమే నేను నేర్చుకున్న పెద్ద పాఠం. "ఇలా ఇవ్వు, నేను చేస్తా" అని ఒక్కసారి లాక్కున్నామంటే, ఆ పని మళ్ళీ జీవితాంతం మనదే.

పిల్లలు తినరన్న దిగులుకు నాకు దొరికిన మందు ఒక్కటే. వారంలో ఒక రోజు వంటకాన్ని ఒక్కొక్కరు ఎంచుకోవాలి, ఆ రోజు జాతికి లోబడి. "కాయ రోజు నీది, బెండా దొండా?" అని అడిగితే కాకరకాయ తప్పించుకున్నానన్న సంతోషంతో దొండకాయ తింటారు. తాము ఎంచుకుని, బజారులో తామే ఏరి తెచ్చిన కూరను పక్కకు నెట్టడానికి పిల్లలకు మనసొప్పదు.

చీటీ తప్పిన రోజు

తప్పుతుంది. చుట్టాలు వస్తారు, ఆఫీసులో ఆలస్యమవుతుంది, ఒంట్లో బాగుండదు. పథకం తప్పినందుకు కుంగిపోయి మొత్తం వదిలేసేవాళ్ళను చాలామందిని చూశాను. మూడు సూత్రాలు గుర్తుంచుకుంటే వదిలెయ్యనక్కర్లేదు.

వండలేకపోయిన రోజు వంటకం ఆకో కాయో అయితే మర్నాటికి జరపండి, దాని బదులు గింజ రోజును వెనక్కి నెట్టండి. పెసలు ఎన్ని రోజులైనా ఆగుతాయి, తోటకూర ఆగదు.

ఇంట్లో ఎప్పుడూ రెండు అత్యవసర పూటలు ఉండాలి. అర కిలో రవ్వతో ఉప్మా, నాలుగు నిమ్మకాయలతో పులిహోర. చీటీలో వాటిని అందుకే చేర్చాను. వాడిన వెంటనే మళ్ళీ చీటీకెక్కాలి.

చుట్టాలు వస్తే కొత్త వంటకాల జోలికి పోకండి. ఆ రోజు పప్పులో మరో గ్లాసు పప్పు, కుక్కర్‌లో మరో రెండు గ్లాసుల బియ్యం, పచ్చడి జాడీ, అప్పడాలు. మన ఇళ్ళకొచ్చేవాళ్ళు పప్పన్నం పెట్టారని ఎప్పుడూ నొచ్చుకోరు.

కార్తీక మాసం, శ్రావణ మాసం లాంటి నెలల్లో గుడ్డు, మాంసం, కొందరిళ్ళలో ఉల్లి, వెల్లుల్లి చీటీలోంచి తప్పుకుంటాయి. ఆ నెలలకు వేరే చీటీ ఒకసారి రాసి దాచుకుంటే ఏటా పనికొస్తుంది.

ఊరు దాటిన మన పిల్లలకూ ఈ వరుస సరిపోతుంది. అమెరికాలో డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగువాళ్ళలో చాలామంది వారాంతంలో కారు వేసుకుని ఇండియన్ స్టోరుకు వెళ్ళి వారం సరుకులు తెచ్చుకుంటారు. వాళ్ళ శనివారమే మా అమ్మమ్మ మంగళవారం. తోటకూర దొరక్కపోతే అక్కడి పాలకూర ఆకు రోజుకు నిలుస్తుంది. గడ్డకట్టిన బెండకాయ ముక్కలు, మునక్కాడలు దొరుకుతాయి కాబట్టి కాయ రోజు వారం చివరికైనా జరుగుతుంది.

ఈ వారం మీరు చేయవలసినవి

ఈ రాత్రి ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, ఒక్కొక్కరికి ఇష్టమైన రాత్రి వంటకాలు మూడేసి రాయించండి. వాటిని ఆకు, కాయ, దుంప, గింజ అనే నాలుగు వరుసల్లోకి విడదీయండి. ఏ వరుస ఖాళీగా ఉందో చూడండి. చాలా ఇళ్ళలో అది ఆకు వరుసే.

కొనుగోలు రోజు ఒకటి తేల్చుకోండి. ఆ మర్నాడు ఆకు రోజు. అక్కడి నుంచి వరుస దానంతట అదే వస్తుంది.

పైన ఇచ్చిన చీటీని ఎత్తి రాసుకుని, డబ్బాలు చూసి, ఉన్నవి కొట్టేయండి. మొదటి వారం ఏడు రోజులూ పట్టుకోవాలని చూడకండి. సోమ, మంగళ, బుధ చాలు. మూడు రోజులు నిలబడితే మిగతా నాలుగూ మెల్లగా వస్తాయి.

డబ్బాలన్నిటి మీదా పేర్లు అంటించండి. ఈ చిన్న పని ఆఖర్లో చెప్పాను గానీ, నన్నడిగితే మొదట చెయ్యాల్సింది ఇదే.

పోయిన మార్చిలో పరీక్షల పని వల్ల నేను ఇంటికి వచ్చేసరికి రాత్రి ఎనిమిది దాటింది. సోమవారం. తలుపు తీయగానే పోపులో ఎండుమిర్చి, వెల్లుల్లి వాసన. మావారు పప్పు గుత్తితో ఎనుపుతున్నారు. అబ్బాయి తరిగిన తోటకూర కాడలు చెత్తబుట్టలో ఉన్నాయి. అమ్మాయి నాలుగు కంచాలు పెట్టి, గ్లాసుల్లో నీళ్ళు పోస్తోంది. నన్ను చూసి, "అమ్మా, ఆకు రోజు!" అంది. కందిపప్పు ఏ డబ్బాలో ఉందని ఎవరూ నన్ను అడగలేదు. చేతులు కడుక్కుని వెళ్ళి వాళ్ళ మధ్య కూర్చున్నాను.